ప్రకాశం, రాజాజీ: ఇద్దరు మద్రాసు ప్రధానుల రాజకీయ జీవితాలు

టంగుటూరి ప్రకాశం (1872–1957), రాజాజీగా పేరొందిన చక్రవర్తి రాజగోపాలాచారి (1878–1972) ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన కాంగ్రెస్ నాయకులు. బ్రిటిష్ పాలన చివరి దశలో ఆ పదవిని ప్రధానమంత్రి అనేవారు. ఇద్దరూ న్యాయవాదులు, ఇద్దరూ మునిసిపల్ ఛైర్మన్లుగా పనిచేసినవారు, గాంధీ పిలుపుతో ఆదాయం వదులుకున్నవారు. అయినా దాదాపు ముప్ఫై ఏళ్లపాటు ఇద్దరికీ పొసగలేదు.

తొలి దశ

ప్రకాశం ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళిల్లు పెట్టి పిల్లల్ని సాకింది. ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు ఆయన్ను చేరదీసి చదివించారు, నాటకాల్లో వేషాలూ వేయించారు. రాజమండ్రిలో ప్లీడరుగా నిలదొక్కుకొని, అక్కడి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, 1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో బాగా గడించారు. రాజాజీ హోసూరు దగ్గరి తొరపల్లిలో గ్రామ మునసబు కొడుకు. సేలంలో వకీలుగా పేరు తెచ్చుకొని, 1917 నుంచి 1919 వరకు ఆ ఊరి మునిసిపాలిటీకి ఛైర్మన్‌గా ఉన్నారు.

ఉద్యమ కాలం

1921లో ప్రకాశం ప్రాక్టీసు మానేసి మద్రాసులో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. హైకోర్టులో ఆర్జించిందంతా దానికే పోయింది. ఆ పత్రికలో పనిచేసిన ఖాసా సుబ్బారావు 1956లో అదే పేరుతో ఒక వారపత్రిక ప్రారంభిస్తే దానికి అండగా నిలిచింది రాజాజీ కావడం విశేషం. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా మద్రాసులో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన వ్యక్తిని చూడడానికి వెళ్తున్న ప్రకాశాన్ని తుపాకులు గురిపెట్టి అడ్డగిస్తే, కాల్చుకోమని ఆయన రొమ్ము విరుచుకు నిలబడ్డారు. ‘ఆంధ్రకేసరి’ బిరుదు చెప్పగానే తెలుగువారికి ఈ ఘట్టమే గుర్తొస్తుంది.

రాజాజీ పద్ధతి వేరు. 1925లో తిరుచెంగోడులో ఆశ్రమం పెట్టారు. 1930లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యానికి ఉప్పు యాత్ర నడిపారు. ఢిల్లీ పెద్దల దగ్గర ఆయన మాటకు విలువ ఉండేది. 1933లో ఆయన కుమార్తెను గాంధీ కుమారుడు దేవదాసు పెళ్ళాడారు.

1937–1947

1937 జూలైలో రాజాజీ ప్రధాని అయ్యారు. ప్రకాశం ఆయన కింద రెవెన్యూ మంత్రి. సేలంలో మద్యనిషేధం, రైతుల రుణ విముక్తి చట్టం రాజాజీ చురుకుదనానికి నిదర్శనాలు. బడుల్లో హిందీ నిర్బంధం మాత్రం తమిళనాట తీవ్ర వ్యతిరేకత తెచ్చింది. ప్రకాశం అధ్యక్షతన వేసిన జమీందారీ విచారణ సంఘం భూమికి హక్కుదారు రైతేనని తేల్చింది. సాహసోపేతమైన ఆ నివేదిక చట్టం కాకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది.

1942లో దారులు పూర్తిగా విడిపోయాయి. క్విట్ ఇండియాను వ్యతిరేకించి రాజాజీ కాంగ్రెస్‌కు దూరమయ్యారు, ప్రకాశం జైలుకెళ్ళారు. 1946 ఎన్నికల తర్వాత గాంధీ, కేంద్ర నాయకత్వం రాజాజీనే కోరినా శాసనసభ్యులు ఒప్పుకోలేదు. ఏప్రిల్ 30న ప్రకాశం ప్రధాని అయ్యారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్ళు.

ఆ పదకొండు నెలలూ క్షణం తీరిక లేని కాలం. గ్రామాల సముదాయాలకు ఫిర్కా అభివృద్ధి పథకం, ఉత్పత్తిదారుల–వినియోగదారుల సహకార సంఘాలు ఆయన చలవే. ఖద్దరుకు పోటీ రాకూడదని కొత్త బట్టల మిల్లులకు అడ్డుచెప్పడంతో మిల్లు యజమానులు, పార్టీలోనే చాలామంది ఎదురుతిరిగారు. 1947 జనవరిలో కమ్యూనిస్టుల మీద ప్రయోగించిన ఆర్డినెన్సు ఆయన పేరుకు అంత శోభ తేలేదు. తమిళ కాంగ్రెస్ నేత కామరాజ్ వర్గంతోపాటు సొంత ఆంధ్ర సభ్యుల్లో పట్టాభి సీతారామయ్య వర్గం కూడా వ్యతిరేకించడంతో మార్చిలో దిగిపోయారు. శాసనసభలో లెక్కలు చూసుకోవడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు. రాజాజీ ఆ లెక్కలు తప్పడం అరుదు.

తర్వాతి కాలం

రాజాజీ 1948లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1952లో కాంగ్రెస్‌కు మెజారిటీ రాకపోయినా, ప్రకాశం నాయకత్వంలోని కూటమిని పక్కనపెట్టి గవర్నరు మద్రాసు ముఖ్యమంత్రిగా పిలిచింది రాజాజీనే. ప్రత్యేక రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు చేసిన ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి. ఏడాది తిరిగేసరికి ఒక్క ఓటు తేడాతో అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయారు. 1957 మే 20న కన్నుమూశారు. రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ స్థాపించగా, దాని అధ్యక్షుడిగా ఆచార్య ఎన్.జి. రంగా పనిచేశారు. రాజాజీ 1972 డిసెంబరు 25న మరణించారు.