చీనా నీలి పింగాణీ – నెల్లూరు తీరం

తెల్లని పింగాణీ మీద కోబాల్టు నీలంతో బొమ్మలు వేసి, పైన గాజుపూత పోసి కాల్చిన చైనా పాత్రలు ఇవి. మట్టి చైనాది, పాతకాలపు మేలిరకం కోబాల్టు పారసీక దేశానిది. మన ‘పింగాణీ’ మాటా పారసీకమే అంటారు.

ఈ పనికి పుట్టినిల్లు లాంటిది జియాంగ్సీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్. తెల్లమట్టికి కెయోలిన్ అన్న పేరు ఆ ఊరి దగ్గరి గావోలింగ్ నుంచి వచ్చింది. మట్టిలో దంచిన పింగాణీ రాయి కలిపి, సారె మీద పాత్ర తీసి ఆరబెడతారు. కాల్చకముందే కుంచె పెట్టాలి. పచ్చి పాత్ర రంగును తటాలున పీల్చేస్తుంది కనుక తప్పిన గీత దిద్దుకోవడానికి వీలుండదు. పైగా అప్పటికి నీలం కంటికి కనబడదు, మసిబూడిద రంగే. సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలాకే అసలు రంగు తేలుతుంది. ఒక గిన్నె పూర్తయ్యేసరికి 72 చేతులు మారుతుందని 1637లో సాంగ్ యింగ్‌షింగ్ అనే చైనా పండితుడు లెక్క చెప్పాడు.

తాంగ్ రాజుల కాలంలోనే తొలి ప్రయత్నాలు జరిగినా పనితనం పండింది 14వ శతాబ్దిలో. బ్రిటిష్ మ్యూజియంలోని జంట కూజాల మీద 1351 నాటి తేదీ ఉంది.

ఇక మన తీరానికి వస్తే, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించింది అంతకు వందేళ్ల ముందు, 1244 ప్రాంతంలో. కనుక ఆనాటి ఓడల్లో నీలి పింగాణీని ఊహించుకోవడం తొందరపాటే. మోటుపల్లిలోనూ నెల్లూరు సీమ రేవు కొత్తపట్నంలోనూ చైనా పాత్రల పెంకులు మాత్రం దొరికాయి. నీలి పింగాణీ పెంకులు హంపీ తవ్వకాల్లో బయటపడ్డాయి. 1514లో నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయల రాజధాని అది.

అయినా ఈ పాత్ర మన వంటింట్లో కుదురుకోలేదు. తినడానికి విస్తరి, కంచుకంచం ఉండనే ఉన్నాయి. ఉదయగిరి పేరు మోసింది చెక్క గరిటెలకు, చెంచాలకు. పింగాణీ కుటుంబంలో మన ఇంట చోటు దక్కించుకున్నది ముఖ్యంగా జాడీయే. ఉప్పూ పులుపూ రాగి, ఇత్తడిని తినేస్తాయి, గాజుపూతను ఏమీ చేయలేవు. ఆవకాయే దానికి ఆశ్రయమిచ్చింది.

నీలి పింగాణీని దగ్గరగా చూడాలనుకునేవారు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా వస్తువుల విభాగానికి వెళ్లవచ్చు.