అప్పడాల కర్ర వీధికెక్కిన రోజులు



అప్పడాల కర్ర అనగానే మనకి పత్రికల్లో వచ్చే కార్టూన్లే గుర్తొస్తాయి. ఆలస్యంగా ఇల్లు చేరిన మొగుడూ, తలుపు వెనకాల కర్ర పట్టుకుని ఇల్లాలూను! చూసి నవ్వుకుని ఊరుకుంటాం. కాని ఆ కర్రే ఒకప్పుడు బొంబాయిలో ప్రభుత్వాన్నీ, వర్తకుల్నీ నిలదీసింది. ఆ సంగతే ఇవాళ చెప్పుకుందాం.

1972లో మహారాష్ట్రని ఘోరమైన కరువు పట్టుకుంది. పంటలు పోయాయి. పట్నంలో సరుకుల ధరలు పెరగటం ఒక ఎత్తు, అసలు సరుకే దొరక్కపోవటం ఇంకో ఎత్తు. రేషను షాపు ముందు గంటలకొద్దీ నిలబడి, తీరా మన వంతు వచ్చేసరికి "అయిపోయిందమ్మా" అంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కిరసనాయిలు, పంచదార, వనస్పతి, అన్నిటిదీ అదే కథ. షాపులో లేని సరుకు నల్లబజారులో మాత్రం ఉండేది, అడిగినంత ఇచ్చుకుంటే.

వాన కురవకపోతే ఎవరినీ అనలేం. కాని ఉన్న గింజల్ని గోదాములో దాచినవాణ్ణి అనొచ్చు. చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారినీ అనొచ్చు. బొంబాయి ఇల్లాళ్ల కోపం సరిగ్గా అక్కడ మొదలైంది.

ఆ ఏడే వాళ్లు ధరల పెరుగుదలని ఎదిరించటానికి ఒక ఉమ్మడి మహిళా సంఘం పెట్టుకున్నారు. మృణాల్ గోరే, అహిల్యా రంగ్ణేకర్, ప్రమీలా దండవతే, తారా రెడ్డి ముందు నిలబడ్డారు. వీరిలో సోషలిస్టులున్నారు, రెండు కమ్యూనిస్టు పార్టీలవాళ్లూ ఉన్నారు. వేదికలెక్కితే ఒకళ్లనొకళ్లు విమర్శించుకునే పార్టీలే! అయినా ఎసట్లోకి బియ్యం లేనప్పుడు ఏ పార్టీ అయితేనేం? మృణాల్ గోరేగారైతే గోరేగావ్‌లో మంచినీళ్ల కోసం పోరాడి, జనం చేత "నీళ్ల బాయి" అని పిలిపించుకున్న మనిషి. 1961లో నగర కార్పొరేషనుకీ, 1972లో శాసనసభకీ ఎన్నికయ్యారు.

సంఘంలో చేరినవాళ్లలో చాలామంది అంతకుముందు ఏ ఊరేగింపులోనూ నడిచి ఎరగరు. జెండా పట్టుకోవటం అలవాటు లేదు. అందుకని చేతికి అలవాటైనవే పట్టుకొచ్చారు. కంచాలు, గరిటెలు, అప్పడాల కర్రలు. మరాఠీలో ఆ కర్రని లాటణే అంటారు. అందుకే ఆ ఊరేగింపులకి లాటణే మోర్చాలని పేరొచ్చింది. వేలమంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఖాళీ కంచాలు మోగిస్తే ఆ చప్పుడు మంత్రిగారి గదిలోకి వినపడకుండా ఉంటుందా? మంత్రుల్ని చుట్టుముట్టి సమాధానం అడిగారు. దాచిన సరుకు బయటికి తియ్యమన్నారు. రేషను సక్రమంగా ఇమ్మన్నారు.

మరి ధరలు తగ్గాయా? నిజం చెప్పాలంటే, తగ్గలేదు. 1973 చివర ప్రపంచమంతటా చమురు ధర మండిపోయింది. మన దేశంలో 1974-75లో టోకు ధరలు దాదాపు 25 శాతం పెరిగాయి. గుజరాత్‌లో 1973 డిసెంబరులో హాస్టలు భోజనం ఖర్చు పెంచారని విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన, 1974 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా దాకా వెళ్లింది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. ఈ నాయకురాళ్లలో కొందరు జైలు పాలయ్యారు.

కాని జనం మర్చిపోలేదు. 1977 ఎన్నికల్లో మృణాల్ గోరే, అహిల్యా రంగ్ణేకర్ ఇద్దర్నీ బొంబాయి ఓటర్లు లోక్‌సభకి పంపించారు. 1980లో ప్రమీలా దండవతే కూడా వెళ్లారు.

తరవాత 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. ఇవాళ తూకం తగ్గినా, సరుకు కల్తీ అయినా ఫిర్యాదు చెయ్యటానికి మనకొక చోటుంది. ఆనాటి వాళ్లకి అదీ లేదు, వీధి తప్ప.

కోపం మనందరికీ వస్తుంది. షాపువాడి మీద వచ్చిన కోపం ఇంటికొచ్చి పిల్లల మీద చూపించి చల్లారిపోతాం. ఆ బొంబాయి ఇల్లాళ్లు తమ కోపాన్ని చేరవలసిన చోటికే చేర్చారు. ఈసారి అప్పడాలు వత్తేటప్పుడు ఒక్కసారి వాళ్లని తలుచుకోండి.