మనాలి - లేహ్ రోడ్డు ఎవరేశారు?

లేహ్ వెళ్ళొచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు దగ్గరా రెండు ఫోటోలు గ్యారంటీగా ఉంటాయి. బుల్లెట్ పక్కన నించుని ఒకటి, ఖార్దుంగ్ లా బోర్డు దగ్గర ఒకటి. నా దగ్గరా ఉన్నాయి లెండి. ఆ బోర్డు మీద చాలా ఏళ్ళపాటు 18,380 అడుగులు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డు అని రాసుండేది. జీపీఎస్‌తో కొలిస్తే 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులే. 800 అడుగుల బగ్ అన్నమాట!

మేం ఆరుగురం మనాలిలో బైకులు అద్దెకి తీసుకుని బయల్దేరినప్పుడు నాకీ రోడ్డు గురించి తెలిసింది కూడా ఇలాంటి అంకెలే. ఏ కనుమ ఎంత ఎత్తు, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది.. అంతే. ఎవరేశారు, ఎందుకేశారు అన్నది తిరిగొచ్చాక చదివాను.

1948లో లేహ్‌కి అసలు మోటారు రోడ్డే లేదు. పాకిస్తాన్ వైపు నుంచి దాడికొచ్చినవాళ్ళు ఊరి దగ్గరకొచ్చేస్తుంటే, సోనమ్ నోర్బు అనే లద్దాఖీ ఇంజినీరు స్థానికుల్ని కూడగట్టి కొద్ది వారాల్లో రన్‌వే తయారుచేయించాడు. ఆ మే 24న మెహర్ సింగ్ దాని మీద డకోటా విమానం దించాడు. మ్యాపులు, ఆక్సిజన్ సౌకర్యాలు ఏవీ లేకుండా! అదే వేసవిలో గూర్ఖా సైనికులు కొందరు మనాలి నుంచి కనుమలు దాటుకుంటూ నడిచి లేహ్ చేరారు. బైకు మీద రెండ్రోజులకే నడుం పట్టేసిందని నేను పెట్టిన గోల గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

1957లో చైనా అక్సాయ్ చిన్ మీదుగా రోడ్డు పూర్తి చేసేసింది. మనం మేలుకుని 1960లో బోర్డర్ రోడ్స్ సంస్థ (బీఆర్ఓ) పెట్టాం, 1962లో యుద్ధం రానే వచ్చింది. శ్రీనగర్ - లేహ్ రోడ్డు పడినా అది నియంత్రణ రేఖకి మరీ దగ్గర. 1999లో ద్రాస్ కొండలెక్కి కూర్చున్నవాళ్ళకి ఆ రోడ్డు మీద ట్రక్కులు తిన్నగా కనిపించేవి. అప్పుడు రోడ్డు మార్గంలో మిగిలిన దిక్కు మనాలి దారే. మామూలు జనానికి ఈ దారి తెరిచిందే 1989లో. అన్నట్టు, మన బుల్లెట్ కూడా 1950ల్లో సైన్యం సరిహద్దు గస్తీ కోసం ఆర్డరిస్తేనే మద్రాసులో తయారీ మొదలుపెట్టుకుంది.

అయితే ఇది ఒకసారి కట్టి డెలివర్ చేసేసే ప్రాజెక్టు కాదండీ. ఏటా మంచు కప్పేస్తుంది, కరిగి తారు ఊడ్చుకుపోతుంది, మళ్ళీ వెయ్యాలి. 2020లో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే బాధ తప్పిందిగానీ మిగతా కనుమలు అలాగే ఉన్నాయి. ఈ పనికి దశాబ్దాలుగా వచ్చేది ఝార్ఖండ్ సంతాల్ పరగణా కూలీలు. కరోనా లాక్‌డౌన్‌లో లద్దాఖ్‌లో ఇరుక్కుపోయిన 60 మందిని 2020 మేలో విమానంలో రాంచీ చేర్చారు. సుమారు రెండు వారాలకే, జూన్‌లో, దుమ్కా నుంచి ప్రత్యేక రైలు మరో 1,600 మందితో సరిహద్దు రోడ్ల పనికి బయల్దేరింది. మధ్యలో మేట్లు కమీషన్ కొట్టకుండా కూలి నేరుగా ఖాతాలో వెయ్యాలని ఝార్ఖండ్ ప్రభుత్వం పట్టుబట్టింది అప్పుడే.

జింగ్‌జింగ్ బార్ దాటాక ఒక నాలాలో నా బండి ఆగిపోయింది. మధ్యాహ్నమైతే మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, పొద్దున్నే దాటాలి అని ఎక్కడో చదివీ బద్ధకించాం. రోడ్డు పని చేస్తున్న ఇద్దరు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి తోశారు. డబ్బులిస్తే తీసుకోలేదు. గట్టు మీద బూట్లలో నీళ్ళు వంపుకుంటూ, ఏ ఊరు భయ్యా అనడిగాను. దుమ్కా అన్నాడు పెద్దాయన. నా ఊరూ అడిగాడు, చెప్పాను.

"అక్కణ్ణుంచి ఇక్కడికి ఏం పనిమీదొచ్చారు సాబ్?"

"పనేం లేదు.. ఊరికే, చూద్దామని."

కాసేపు నావంకే చూసి, నవ్వి, తారు డ్రమ్ము దగ్గరికి వెళ్ళిపోయాడు.