బేరం లేని కారు: శాటర్న్ వాహనసంస్థ చరిత్ర, యజమానుల అనుభవాలు (1985–2010)

వ్యాససంగ్రహం

అమెరికాలో 1985లో ఏర్పడి 2010 నాటికి కనుమరుగైన శాటర్న్ వాహనసంస్థ చరిత్రను యజమానుల అనుభవాల కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకే ధర విధానం, కార్మికసంఘంతో భాగస్వామ్యం, లోపాలను సరిదిద్దిన తీరు కలిసి కొనుగోలుదారుల విశ్వాసాన్ని ఎట్లా నిర్మించాయో, మాతృసంస్థ నిర్ణయాల వల్ల ఆ విశ్వాసం ఎట్లా సడలిపోయిందో ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: శాటర్న్, జనరల్ మోటార్స్, స్ప్రింగ్ హిల్, ఒకే ధర, యజమానుల విశ్వాసం, కార్మిక భాగస్వామ్యం.

1. ఉపోద్ఘాతం

మూతపడిన వాహనసంస్థల చరిత్రలు ఎక్కువగా ఇంజిన్ల గురించి, అధ్యక్షుల గురించి, లాభనష్టాల గురించి రాయబడ్డాయి. కారు కొన్నవారి ప్రస్తావన వాటిలో అమ్మకాల అంకెగా మాత్రమే కనిపిస్తుంది. శాటర్న్ విషయంలో ఈ పద్ధతి చాలదు. ఇంజిన్ సామర్థ్యంలో గాని, ప్రయాణ సౌఖ్యంలో గాని శాటర్న్ తన కాలపు జపాన్ కార్లను మించినది కాదు. అయినా 1990 దశకంలో కొనుగోలుదారుల సంతృప్తిని కొలిచే సర్వేలలో ఎనిమిది వేల డాలర్ల దగ్గర ధర మొదలయ్యే ఈ చిన్నకారు లెక్సస్, ఇన్ఫినిటీ వంటి ఖరీదైన కార్ల సరసన నిలిచింది. యంత్రం సాధారణమైనది, అనుభవం అసాధారణమైనది. ఈ వైరుధ్యాన్ని వివరించకుండా శాటర్న్ చరిత్ర పూర్తి కాదు.

2. ఆవిర్భావం

1980ల ఆరంభానికి అమెరికా చిన్నకార్ల విపణిలో టొయోటా, హోండా సంస్థలు బలంగా పాతుకొన్నాయి. లాభదాయకంగా చిన్నకారును తయారు చేయడం జనరల్ మోటార్స్‌కు సాధ్యం కావడం లేదు. 1982లో మొదలైన ఆలోచన 1984లో ఒక విచిత్రమైన బృందాన్ని సృష్టించింది. యాజమాన్యం నుంచి, యునైటెడ్ ఆటో వర్కర్స్ కార్మికసంఘం నుంచి ఎంపికైన 99 మంది కలిసి అనేక కర్మాగారాలు తిరిగి, కారు తయారీని మొదటినుంచి కొత్తగా ఎట్లా చేయవచ్చునో అధ్యయనం చేశారు. 1985 జనవరిలో నాటి చైర్మన్ రోజర్ స్మిత్ శాటర్న్‌ను ప్రత్యేక అనుబంధ సంస్థగా ప్రకటించాడు. చంద్రయానానికి వాడిన రాకెట్ పేరు దీనికి పెట్టడంలో, పోటీలో వెనుకబడిన దేశం మళ్లీ ముందుకు దూకిందన్న సూచన ఉంది.

కర్మాగారం కోసం అనేక రాష్ట్రాలు పోటీపడగా, టెనెస్సీ రాష్ట్రంలో నాష్‌విల్‌కు దక్షిణాన ఉన్న స్ప్రింగ్ హిల్ అనే చిన్న ఊరు ఎంపికైంది. కార్మికసంఘంతో కుదిరిన ఒప్పందం 28 పుటలు మాత్రమే. అదే సంఘానికి జనరల్ మోటార్స్‌తో ఉన్న జాతీయ ఒప్పందం వందల పుటల గ్రంథం. ఈ తేడా కేవలం పరిమాణానికి సంబంధించినది కాదు. పాత ఒప్పందంలో ప్రతి పనికీ ఒక హద్దు, ప్రతి హద్దుకూ ఒక నియమం ఉండేవి. కొత్త ఒప్పందంలో పనివారు బృందాలుగా ఏర్పడి, తమ పనిని తామే పంచుకొని, సరఫరాదారుల ఎంపిక వంటి విషయాలలో కూడా మాట చెల్లించుకొన్నారు. హాజరు గడియారాలు లేవు. దానికి బదులుగా వేతనంలో కొంత భాగం నాణ్యత, శిక్షణ, ఉత్పత్తి లక్ష్యాలతో ముడిపడింది.

1990 జూలై 30న మొదటి కారు బయటికి వచ్చింది. దానిని నడిపించినవారు రోజర్ స్మిత్, కార్మికసంఘం అధ్యక్షుడు ఓవెన్ బీబర్. అదే సంవత్సరం శరదృతువులో అమ్మకాలు మొదలయ్యాయి.

3. ఒకే ధర

తెలుగులో ‘బేరం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ‘ఇవాళ బేరాలు లేవు’ అని దుకాణదారు నిట్టూర్చితే అమ్మకాలు లేవని. ‘బేరాలు లేవు’ అని గోడమీద రాస్తే ధర తగ్గదని. వ్యాపారమూ వాదులాటా ఒకే మాటలో ఇమిడిపోయినచోట రెండో అర్థాన్ని తీసివేస్తే మొదటిది నిలుస్తుందా అన్నది సహజమైన సందేహం. అమెరికాలో దాదాపు ప్రతి వస్తువూ అచ్చువేసిన ధరకే అమ్ముడవుతుంది. కారు మాత్రం మినహాయింపు. అక్కడ అద్దానికి అంటించిన ధర బేరానికి ప్రారంభ బిందువు మాత్రమే.

ఈ బేరంలో ఎవరు నష్టపోయేవారో న్యాయశాస్త్ర ఆచార్యుడు ఇయన్ ఐర్స్ 1991లో ప్రచురించిన అధ్యయనం చూపింది. షికాగో ప్రాంతపు డీలర్ల వద్దకు ఒకే రకమైన శిక్షణతో, ఒకే బేరపు పద్ధతితో పరిశీలకులను పంపగా, శ్వేతజాతి పురుషులతో పోలిస్తే శ్వేతజాతి స్త్రీలకు చెప్పిన ధరలో లాభపు వాటా 40 శాతం ఎక్కువ. నల్లజాతి పురుషులకు అది రెట్టింపు మించింది. నల్లజాతి స్త్రీలకు మూడు రెట్లు మించింది. కాబట్టి బేరం అనేది నేర్పరితనానికి దక్కే బహుమానం అన్న మాట అర్ధసత్యం. అది కొందరిమీద మాత్రమే పడే పన్ను కూడా.

శాటర్న్ ఈ పన్నును ఎత్తివేసింది. ఇది సదుద్దేశంతో మాత్రమే సాధ్యపడలేదు, దాని వెనుక ఒక నిర్మాణం ఉంది. సాధారణంగా ఒకే నగరంలో ఒకే సంస్థకు అనేకమంది డీలర్లు ఉంటారు; ఒకరు వంద డాలర్లు తగ్గిస్తే పక్కవారూ తగ్గించక తప్పదు. శాటర్న్ ఒక్కొక్క డీలరుకు విశాలమైన ప్రాంతాన్ని కేటాయించడంతో సొంత సంస్థవారితోనే పోటీ చాలావరకు తొలగిపోయింది. ప్రతి కారుమీదా కమీషన్ పొందే అమ్మకందారు స్థానంలో అనేకచోట్ల జీతం తీసుకొనే సలహాదారు వచ్చాడు. కొన్నవారు తాళాలు అందుకొనేటప్పుడు సిబ్బంది అందరూ పని ఆపి చుట్టూ చేరి, చప్పట్లు కొట్టి, ఫొటో తీసి ఇవ్వడం ఆచారమైంది. ఈ తంతును ఎగతాళి చేసిన విమర్శకులు లేకపోలేదు. అయితే అంతకుముందు కారు కొన్న ప్రతిసారీ మోసపోయామేమోనన్న అనుమానంతో ఇంటికి వెళ్లినవారికి అది తంతుగా తోచలేదు. కొనుగోలుదారులలో స్త్రీల శాతం చెప్పుకోదగినంతగా ఉండడానికి ఐర్స్ అధ్యయనం పరోక్షంగా సమాధానం చెబుతుంది. పాతకారు మారకంలో ఇచ్చేటప్పుడు దాని విలువ గురించిన వాదులాట మాత్రం కొంత మిగిలే ఉందన్నది గమనించాలి.

4. లోపం, క్షమ, విందు

యజమానుల విశ్వాసం లోపాలు లేనందువల్ల పుట్టలేదు. లోపాలు బయటపడినప్పుడు సంస్థ నడచుకొన్న తీరువల్ల పుట్టింది. 1991లో సరఫరాదారు నుంచి వచ్చిన కూలెంట్ ద్రవంలో తేడా ఉందని, అది ఇంజిన్‌ను దెబ్బతీస్తుందని తెలిసింది. ఇటువంటిచోట భాగాలు మార్చి సరిపెట్టడం పరిశ్రమ ఆనవాయితీ. శాటర్న్ దాదాపు 1,800 కార్లను పూర్తిగా వెనక్కు తీసుకొని కొత్తవి ఇచ్చింది. 1993లో విద్యుత్ తీగ లోపంవల్ల మంటలు రావచ్చునని తేలగా 3,50,000కు పైగా కార్లను మరమ్మతుకు పిలిపించవలసి వచ్చింది. అప్పటివరకు తయారైన కార్లలో ఇది చాలా పెద్ద భాగం. అనేకమంది డీలర్లు ఆ రోజులను చిన్న విందులుగా మార్చారు. మరమ్మతు జరుగుతుండగా భోజనం పెట్టారు, కారు కడిగి ఇచ్చారు. అపకీర్తి కావలసిన సంఘటన ఆతిథ్యంగా మారింది.

కర్మాగారంలోనూ ఇదే దృష్టి ఉండేదనడానికి 1991 నాటి నిరసన నిదర్శనం. ఉత్పత్తి వేగం పెంచమన్న ఒత్తిడివల్ల లోపభూయిష్టమైన కార్లు బయటికి పోతున్నాయని ఆగ్రహించిన కార్మికులు, జనరల్ మోటార్స్ చైర్మన్ రాబర్ట్ స్టెంపెల్ వచ్చినప్పుడు చేతులకు పట్టీలు కట్టుకొని నిరసన తెలిపారు. జీతం కోసం కాక నాణ్యత కోసం కార్మికులు ఆందోళన చేయడం కార్మికోద్యమ చరిత్రలో అరుదైన ఘట్టం. దానికి తగినంత ప్రాధాన్యం ఇప్పటికీ లభించలేదు.

1994 జూన్‌లో సంస్థ తన యజమానులను స్ప్రింగ్ హిల్‌కు ఆహ్వానించింది. దాదాపు 44,000 మంది తమ కార్లలో, సొంత ఖర్చుతో, ఎండనూ వానగాలినీ లెక్కచేయక వచ్చారు. తమ కారును బిగించిన చేతులను చూడటానికి వచ్చిన జనం అది. తిరునాళ్ల వంటి ఈ సమావేశాన్ని ప్రచార వ్యూహంగా చూసిన రచనలు చాలా ఉన్నాయి. అది ప్రచారమే, కాదనలేము. కాని ప్రకటన చూసి కారు కొనడం వేరు, కొన్న కారు పుట్టింటిని చూడటానికి సెలవు పెట్టి వందల మైళ్లు ప్రయాణించడం వేరు. ఆ సంవత్సరం అమ్మకాలు 2,86,000 దాటాయి. మళ్లీ ఏనాడూ ఆ సంఖ్యను శాటర్న్ చేరుకోలేదు.

5. నిత్యజీవితంలో కారు

వాడుకలో యజమానులు ఎక్కువగా మెచ్చుకొన్నది పక్కభాగాలకు వాడిన పాలిమర్ పలకలను. ఉక్కు చట్రానికి బిగించిన ఈ పలకలకు తుప్పు పట్టదు. అంగడి ముందు సామాన్ల బండి తగిలినా, పక్కకారు తలుపు తగిలినా సొట్ట పడదు. నొక్కుకొని మళ్లీ యథాస్థితికి వస్తుంది. అయితే ప్లాస్టిక్ ఎండకు వ్యాకోచిస్తుంది కాబట్టి పలకల మధ్య వెడల్పైన సందులు వదలవలసి వచ్చింది. ఆ సందులే సమీక్షకులకు నాసిరకపు పనితనంగా కనిపించాయి. పైన పలక కొత్తగా మెరుస్తున్నా లోపలి చట్రం తుప్పు పట్టవచ్చునన్నది మంచు కురిసే రాష్ట్రాలవారు ఆలస్యంగా గ్రహించిన విషయం.

ఇంజిన్ విషయంలో ఫిర్యాదులు రెండు. ఒకటి చప్పుడు. రెండవది నూనె తాగడం. 1.9 లీటర్ల ఇంజిన్ మైళ్లు గడిచేకొద్దీ ఆయిల్‌ను ఖర్చుచేసేది. పిస్టన్ రింగుల వద్ద ఆయిల్ సరిగా దిగకపోవడమే కారణమని మెకానిక్‌లు చెప్పేవారు. పెట్రోలు పోయించుకొన్నప్పుడల్లా ఆయిల్ కొలపుల్ల తీసి చూడటం, డిక్కీలో ఒక సీసా ఉంచుకోవడం పాత శాటర్న్ యజమానుల అలవాటు. ఈ లోపాన్ని ఎరిగి, దానితో సర్దుకొని, రెండు లక్షల మైళ్లు నడిపినవారున్నారు. గమనించకుండా ఇంజిన్ పాడుచేసుకొన్నవారూ ఉన్నారు.

6. సడలిన బంధం

శాటర్న్ మంచి కార్లు చేయలేక మూతపడిందన్నది ప్రచారంలో ఉన్న అభిప్రాయం. కాలక్రమాన్ని పరిశీలిస్తే ఈ వాదం తలక్రిందులుగా కనిపిస్తుంది. సంతృప్తి చెందిన యజమాని కుటుంబం పెరిగి పెద్దకారు కోసం మళ్లీ అదే డీలరు దగ్గరికి వచ్చినప్పుడు అమ్మడానికి అక్కడ ఏమీ లేదు. మొదటి చిన్నకారును స్వల్పమైన మార్పులతో 2002 వరకు కొనసాగించారు. మాతృసంస్థలోని ఇతర విభాగాలు శాటర్న్‌కు దక్కిన పెట్టుబడిని అసూయతో చూడటంవల్ల కొత్త నమూనాలకు నిధులు అందలేదు. 1999లో వచ్చిన మధ్యతరహా ఎల్ శ్రేణి ఓపెల్ కారుకు మార్పులు చేసి రూపొందించినది. తయారైంది స్ప్రింగ్ హిల్‌లో కాదు, డెలవేర్ రాష్ట్రంలో. అనుకొన్నంతగా అది అమ్ముడుపోలేదు.

కర్మాగారంలోనూ మార్పు వచ్చింది. 1998 మార్చిలో ప్రత్యేక ఒప్పందాన్ని కొనసాగించాలని కార్మికులలో మూడింట రెండు వంతులమంది ఓటు వేశారు. ఆ తరువాత కొద్ది నెలలకే సమ్మెకు అనుమతి ఇచ్చారు. 1999లో భాగస్వామ్యాన్ని నడిపించిన స్థానిక సంఘ నాయకత్వం ఎన్నికలలో ఓడిపోయింది. 2004లో ఆ 28 పుటల ఒప్పందం ముగిసి, స్ప్రింగ్ హిల్ జాతీయ ఒప్పందంలో కలిసిపోయింది. 2007లో అక్కడ శాటర్న్ తయారీ ఆగిపోయింది. పాలిమర్ పలకలు కూడా దానితోపాటే పోయాయి. ఆ రోజులలో వచ్చిన ఆరా, స్కై, అవుట్‌లుక్ కార్లు మునుపటికంటే మెరుగైనవే. ఆరాకు 2007లో ఉత్తర అమెరికా ఉత్తమ కారు పురస్కారం కూడా లభించింది. కార్లు బాగుపడిన నాటికి కొనేవారు తగ్గిపోయారు.

యజమానుల దృష్టిలో అసలైన విఘాతం వ్యూ అనే వాహనంలో వాడిన గేర్‌బాక్స్. నిరంతర నిష్పత్తి పద్ధతిలో పనిచేసే ఈ యంత్రం తొందరగా చెడిపోయింది. సంస్థ వారంటీని అయిదేళ్లకు, 75,000 మైళ్లకు పొడిగించింది. అంతటితో వివాదం ఆగక, యజమానులు సామూహికంగా న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. కూలెంట్ మారినందుకే కారును మార్చి ఇచ్చిన సంస్థతో యజమానులు దావా వేసి తేల్చుకోవలసిన స్థితికి మధ్య గడచింది రెండు దశాబ్దాలకు తక్కువ కాలమే.

7. మూత, తరువాత

2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరిన కొద్ది రోజులకు, రోజర్ పెన్‌స్కీ సంస్థ శాటర్న్‌ను కొనడానికి ముందుకు వచ్చింది. పెన్‌స్కీకి కర్మాగారాలు లేవు. కార్లు తయారుచేసి ఇచ్చే మరొక సంస్థ కావాలి. ఆ చర్చలు ఫలించక సెప్టెంబర్ 30న విరమించుకొంది. వారం తిరిగేసరికి తయారీ ఆగిపోయింది. 2010 అక్టోబరు నాటికి డీలర్ల దుకాణాలు మూతపడ్డాయి. వారంటీ పనులు జనరల్ మోటార్స్ ఇతర డీలర్లకు అప్పగించబడ్డాయి. బేరం అక్కరలేదని శాటర్న్ కొన్నవారు ఇక సర్వీసు కోసం ఆ బేరాల దుకాణాలకే వెళ్లవలసి వచ్చింది.

పేరు పోయినా బాధ్యత పోలేదనడానికి ఇగ్నిషన్ స్విచ్ ఉదంతం సాక్ష్యం. 2003–2007 నాటి అయాన్ కార్లలో తాళం తనంతట తాను జారిపోయి ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉండేది. అటువంటి స్థితిలో గాలిసంచులు కూడా తెరుచుకోవు. 2001లోనే, అయాన్ ఇంకా పరీక్షల దశలో ఉండగానే, ఈ స్విచ్ లోపం గమనించబడిందని జనరల్ మోటార్స్ ప్రభుత్వానికి సమర్పించిన కాలక్రమ నివేదిక తెలుపుతున్నది. రీకాల్ ప్రకటన వచ్చింది 2014లో, శాటర్న్ దుకాణాలు మూతపడిన మూడేళ్లు దాటాక. ఈ స్విచ్ అమర్చిన అన్ని నమూనాలకు కలిపి పరిహార నిధి అంగీకరించిన మరణాలు 124. ఆ కార్లలో కొన్ని అప్పటికి రెండు మూడు చేతులు మారాయి. రీకాల్ ఉత్తరం అందుకొన్న కొత్త యజమానులలో చాలామందికి, తాళం మార్చి ఇవ్వబోయే షెవర్లే డీలరుకూ తమ కారుకూ ఉన్న సంబంధమేమిటో ఎవరూ చెప్పి ఉండరు.

స్ప్రింగ్ హిల్ కర్మాగారంలో 2012లో కార్ల తయారీ మళ్లీ మొదలైంది, వేరే పేర్లతో.