తేలే గొట్టం, తరిగే తీపి

ఒక ద్రవం అంతే ఘనపరిమాణం గల నీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో తెలిపే అంకెను విశిష్ట గురుత్వం అంటారు. నీటికి అది 1.000 కాగా, చక్కెర కరిగినకొద్దీ పెరుగుతుంది, నీటికంటే తేలికైన ఆల్కహాలు చేరినకొద్దీ తగ్గుతుంది. దీనిని చూపే హైడ్రోమీటరు అడుగున బరువుతో నిలువుగా తేలే గొట్టం. ద్రవం ఎంత సాంద్రంగా ఉంటే అంత పైకి తేలుతుంది. పాలకేంద్రాలలో వాడే లాక్టోమీటరు దీని తోబుట్టువే.

ఈ సాధనం చాలా పాతది. క్రీ.శ. 5వ శతాబ్ది తొలినాళ్లలో సైనీసియస్ అనే పండితుడు, అలెగ్జాండ్రియాలోని గణితవేత్త హైపేషియాకు రాసిన లేఖలో, పిల్లనగ్రోవి అంతటి గొట్టానికి నిలువునా గాట్లు పెట్టి, ఒక కొసన బరువుకోసం శంకువు బిగించి తనకు చేయించమని కోరాడు. అయితే దానికి నేటి కచ్చితత్వం రావడానికి ముఖ్య కారణం పన్నుల వసూలే. సారాలో తడిపిన తుపాకిమందు అంటుకుంటే అది ‘ప్రూఫ్’ అనే మోటు పరీక్షతో సర్కారుకు తృప్తి కలగక, బ్రిటన్ 1816లో చట్టం చేసి బార్తొలొమ్యూ సైక్స్ రూపొందించిన ఇత్తడి హైడ్రోమీటరును సుంకం అధికారుల చేతికిచ్చింది. ఆ లెక్కలో ప్రూఫ్ అంటే ఘనపరిమాణంలో సుమారు 57.1 శాతం ఆల్కహాలు. భారతదేశంలో బ్రాందీ, విస్కీ సీసాలమీద కనిపించే 42.8 శాతం అనే వింత అంకె ఆ ప్రూఫ్‌లో నూటికి 75 వంతులే. తెలుగునాట దుకాణాలలోనూ ఆ పాత కొలత నేటికీ అలా నిలిచి ఉంది.

సారాకు సరిపోయిన ఈ కొలత ద్రాక్షసారాయానికి సరిపోలేదు. బట్టీలో దిగిన సారాలో ఉండేవి ప్రధానంగా నీరు, ఆల్కహాలు మాత్రమే కాబట్టి ఒక్క కొలతతో పని తీరుతుంది. పులిసిన రసంలోనైతే మిగిలిన తీపి గొట్టాన్ని పైకి నెడుతుంటే ఆల్కహాలు కిందికి దించుతుంది, రెండూ కలిసి చూపే అంకె ఏ ఒక్కదానిదీ కాదు. అందుకే రసాన్ని రెండుసార్లు, పులియకముందు ఒకసారి, పులిసిన తరువాత ఒకసారి కొలవవలసి వచ్చింది. దీనికి ఆధారం రసాయనశాస్త్రం ఇచ్చింది: పులియడంలో చక్కెర ఆల్కహాలుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ విడిపోతుందని లావోయిజియే 1789లో తూకం వేసి చూపగా, ఆ రెండూ దాదాపు సమానమైన బరువులో వస్తాయని తరువాత గే-లుసాక్ లెక్క సరిదిద్దాడు. పోయిన తీపి తెలిస్తే వచ్చిన మత్తు తెలుస్తుందన్నమాట.

ఆ మొదటి కొలతను ద్రాక్షతోటలదాకా చేర్చిన కీర్తి జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ పట్టణానికి చెందిన ఫెర్డినాండ్ ఎక్స్‌లెకు దక్కాలి. 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఆయన తయారుచేసిన రసపు తూనిక మీద ఒక్కో డిగ్రీ, లీటరు రసం లీటరు నీటికంటే ఒక గ్రాము ఎక్కువ బరువని చెబుతుంది, 1.080 అయితే 80 డిగ్రీలు. ఇంత సులువైన కొలమానం కనుకనే 1971 నాటి జర్మన్ చట్టం ద్రాక్షసారాయాల తరగతులను రసంలోని ఈ డిగ్రీలతో ముడిపెట్టింది.

బ్రిటన్‌లో 1953లో చక్కెర రేషను తొలగి ఇళ్లలో పండ్ల సారాయం చేసుకోవడం ఊపందుకోగా, సుంకం అధికారి సాధనం గాజు రూపంలో వంటింటికి చేరింది. పొడవాటి జాడీలో రసం పోసి, గొట్టాన్ని వేళ్లతో గిర్రున తిప్పి అంటుకున్న బుడగలను రాల్చి, కన్నును ద్రవమట్టానికి ఆనించినట్టు ఉంచి చదవాలి. మొదట 1.090, చివర 0.996 వస్తే తేడా 0.094, దానిని 131తో గుణిస్తే సుమారు 12.3 శాతం ఆల్కహాలు అని అంచనా. చివరి అంకె నీటికంటే తక్కువ రావడం పొరపాటు కాదు, తీపి దాదాపు అయిపోయి ఆల్కహాలు మిగిలిందనడానికి గుర్తు. 20 డిగ్రీల సెల్సియస్‌కు గీతలు గీసిన గొట్టాన్ని 30 డిగ్రీల రసంలో ముంచితే అంకె 0.002 నుంచి 0.003 వరకు తక్కువ చూపుతుంది కాబట్టి, తెలుగునాట ఎండలో దానిని కలుపుకోవాలి.

మొదటిరోజు అంకె రాసి పెట్టుకోకపోతే మాత్రం ఈ గొట్టం ఒక్కటే ఆల్కహాలు ఎంతో చెప్పజాలదు. అప్పుడు సారాయాన్ని కొలిచి తీసుకుని చిన్న బట్టీలో వండి, దిగిన ఆల్కహాలుకు నీరు చేర్చి మళ్లీ మొదటి ఘనపరిమాణానికి తెచ్చి, దానిలో హైడ్రోమీటరును తేల్చి చూడవలసిందే.