అద్దె మిషను, సొంత మిషను

మొన్న ఇంటర్నెట్ కనెక్షన్ మార్చుకుంటే పాత కంపెనీవాళ్ళు వచ్చి మోడెం పట్టుకుపోయారు. నాలుగేళ్ళు అద్దె కట్టా, చేతిలో మిగిలింది రసీదులే!

ఈ కిటుకు కొత్తదేం కాదండోయ్. ఒకప్పుడు అమెరికాలో ఐబీఎం తన పంచ్‌కార్డు మిషన్లని అమ్మేది కాదు, అద్దెకే ఇచ్చేది. పైగా కార్డులూ తన దగ్గరే కొనాలనేది. 1936లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కార్డుల షరతు చెల్లదంది. 1956లో ప్రభుత్వంతో రాజీ కుదిరాక మిషన్లు అమ్మకానికీ పెట్టక తప్పలేదు. దాంతో 1960ల్లో వాటిని కొని, ఐబీఎం కన్నా తక్కువకి అద్దెకిచ్చే కంపెనీలు పుట్టుకొచ్చాయి.

అద్దె తప్పని నేననను. రిపేరు వాళ్ళదే, మిషను పాతబడితే నష్టమూ వాళ్ళదే. కానీ కొనుక్కునే దారి కూడా ఉంటేనే అది అద్దె. లేకపోతే కప్పం. ఏమంటారు?