సున్నం

సంస్కృతంలో చూర్ణం అంటే పొడి. ప్రాకృతంలో అది చుణ్ణమై, మన నోట సున్నమైంది. అంకెల్లోని సున్న వేరు, అది శూన్యం నుంచి వచ్చింది. సున్నాన్ని మాత్రం పొడి అని పిలవడం ఎంతో సబబు. బట్టీలో దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిన సున్నపురాయి ఇంకా రాయిలాగే ఉంటుంది. నీళ్లు చల్లితే బుసకొట్టి, సెగలు కక్కి, పగిలి, తనంతట తాను పొడైపోతుంది.

ఆ పొడిని నీళ్లలో కలిపి, తేరుకోనిచ్చి, పైతేటను గాజు గ్లాసులోకి వంచండి. సన్నని గొట్టంతో ఊదితే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా తెల్లబడుతుంది. ఆగకుండా ఊదుతూనే ఉంటే ఆ తెలుపు కరిగి మళ్లీ తేటపడుతుంది! బడిలో చాలామంది మొదటి సగం చూసి ఆపేస్తారు, రెండోదే అసలు అందం. నీళ్లు మాత్రం నోట్లోకి పీల్చకూడదు.

గోడకు కొట్టిన సున్నం కూడా గాలిలోని ఆ వాయువునే మెల్లగా పీల్చుకుని తిరిగి రాయవుతుంది. గానుగ సున్నంతో కట్టిన పాత గోడల బలం ఇదే.

పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పడగానే అవి ఎర్రనీళ్లవుతాయి. దిష్టి తీసే పళ్లెంలో ఉన్నది క్షారం తగిలిన పసుపు రంగే. అందులోనే నిమ్మరసం పిండి చూడండి, పసుపుదనం తిరిగొస్తుంది. “ఎముకల్లో సున్నం లేకుండా కొడతా” అని బెదిరించేవారు చెప్పే సున్నం కాల్షియం. ఎముకలో అది ఎక్కువగా ఫాస్ఫేటు రూపంలో ఉంటుంది.